అణువును మందుగా మార్చిన వారి సంఘము

‘సంఘము’ అనే మాట వినగానే మనకు ఆదివారపు ఆరాధన, సంఘ పెద్దలు, కమిటీ కూటములు, కానుకల లెక్కల పుస్తకము గుర్తుకు వస్తాయి. ఈ నెల మీతో చెప్పదలచినది వేరొక సంఘమును గూర్చి. దానిలో సభ్యులు వైద్యులు, రసాయన శాస్త్రజ్ఞులు, భౌతిక శాస్త్రజ్ఞులు, స్కానింగు గదులలో పనిచేసే టెక్నాలజిస్టులు. దాని పేరు ‘సొసైటీ ఆఫ్ న్యూక్లియర్ మెడిసిన్ అండ్ మాలిక్యులర్ ఇమేజింగ్’. తెలుగులో అణువైద్య సంఘము అనుకుందాం. అమెరికాలో వర్జీనియా రాష్ట్రములోని రెస్టన్ అనే ఊరిలో దాని కార్యాలయము ఉన్నది. సభ్యులు సుమారు 15 వేల మంది.

అమెరికాలోని డాక్టర్ల సంఘముతో మన పల్లెటూళ్ళకు ఏమి పని అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అయితే ఒక్కసారి మీ చుట్టూ చూడండి. రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను అయిన సహోదరిని ‘బోన్ స్కాన్’ చేయించుకు రమ్మని పట్నం పంపుతున్నారు. గొంతు దగ్గర వాపు వచ్చిన అమ్మాయికి ‘థైరాయిడ్ స్కాన్’ రాస్తున్నారు. గుండె నొప్పి వచ్చిన పెద్దాయనకు మరో రకము స్కాన్. ‘పెట్ స్కాన్’ అన్న మాట ఇప్పుడు మన ప్రార్థన విన్నపాల చీటీలలో కూడా కనబడుతోంది. ఇవన్నీ అణువైద్యమే. ఈ పరీక్షలు ఎవరికి చేయాలి, ఎంత మందు ఇవ్వాలి, ఎవరికి చేయకూడదు అని ఆ సంఘము వ్రాసిన నియమాలను, అది నడిపే పత్రికను అనేక దేశాల వైద్యులు చదువుతారు. కనుక ఆ దూరదేశపు సంఘము మాట ఏదో ఒక దారిన మన గడప దాకా వచ్చే మాటే.

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాము. మన వైపు క్యాన్సరు రోగికి రేడియేషను ఇస్తే ‘కరెంటు పెట్టారు’ అంటారు. అది పెద్ద యంత్రముతో బయటి నుండి కిరణాలు పంపే వైద్యము. అణువైద్యము దీనికి తలక్రిందులు. ఇక్కడ కొద్దిపాటి రేడియోధార్మిక మందును రోగికి సూదిద్వారా గాని నోటిద్వారా గాని ఇస్తారు. అది రక్తములో కలిసి తాను చేరవలసిన అవయవానికి చేరుతుంది. అక్కడ నుండి అది వెలువరించే కిరణాలను బయట ఉన్న కెమెరా పట్టుకుంటుంది. ఎక్స్‌రేలో కిరణము బయటినుండి లోపలికి వెళ్తే, ఇందులో లోపలినుండి బయటకు వస్తుంది. ఎక్స్‌రే ఎముక ఆకారము చూపిస్తుంది. ఇది ఆ ఎముక ఏమి పని చేస్తున్నదో చూపిస్తుంది.

ఈ ఆలోచన ఎలా పుట్టిందో చెబితే మీకు నవ్వు వస్తుంది. హంగేరీ దేశస్థుడైన జార్జ్ డి హెవెసీ అనే యువ శాస్త్రజ్ఞుడు 1911లో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరములో ఒక ఇంట భోజన వసతి పెట్టుకుని ఉండేవాడు. ఆ ఇంటి యజమానురాలు మిగిలిన మాంసమునే మరునాడు, ఆ మరునాడు కూడా కొత్త వంటకముగా తిప్పి తిప్పి వడ్డిస్తోందని ఆయనకు అనుమానము. అడిగితే ఆమె ఒప్పుకోలేదు. ఒకనాడు ఆయన తన కంచములో మిగిలిన ముక్కలపై రవ్వంత రేడియోధార్మిక పదార్థము చల్లాడు. కొద్ది రోజుల తరువాత వచ్చిన వంటకము దగ్గర పరికరము పెట్టి చూస్తే అది చప్పున పట్టేసింది! హాస్టలు కూడు తిన్న వారెవరికైనా హెవెసీ మీద సానుభూతి కలుగక మానదు. ఒక పదార్థానికి గుర్తు పెట్టి పంపి, అది ఎక్కడెక్కడికి వెళ్ళిందో వెంబడించి చూడటమే ఆయన కనిపెట్టిన పద్ధతి. 1943వ సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకు ఈ పద్ధతికే వచ్చింది. అణువైద్య సంఘము ఇచ్చే ఒక గొప్ప పురస్కారము ఆయన పేరనే ఉన్నది.

గుర్తు పెట్టటమే కాదు, స్వస్థపరచటము కూడా సాధ్యమని చూపినవాడు బోస్టను నగరపు వైద్యుడు సాల్ హెర్ట్జ్. 1936 నవంబరు 12న ఒక సభలో ఆయన లేచి, అయోడినును కృత్రిమముగా రేడియోధార్మికము చేయగలరా అని ఒక భౌతిక శాస్త్రజ్ఞుణ్ణి అడిగాడు. మన శరీరములో అయోడినును ఆశించి పట్టుకునేది థైరాయిడ్ గ్రంథి గనుక, ఆ దారినే మందు పంపవచ్చునని ఆయన ఆలోచన. ముందు కుందేళ్ళ మీద పరీక్షించి, 1941లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో మొదటి రోగికి ఇచ్చాడు. కత్తి పెట్టకుండా, గొంతు కోయకుండా, ఒక గుక్క మందుతో వైద్యము! ఆయన యుద్ధ సేవకు వెళ్ళినప్పుడు పని వేరొకరి చేతిలోకి పోయింది, పేరు చాలాకాలము మరుగున పడింది. 1950లో చిన్న వయసులోనే కన్నుమూశాడు. ఇప్పుడు సంఘము ఆయన పేర కూడా ఒక పురస్కారము ఇస్తోంది. ఆలస్యమైనా మంచి పని.

హోటలులో పన్నెండుగురు

1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరాలపై పడిన బాంబుల తరువాత ‘అణువు’ అన్న మాట వింటేనే లోకము వణికింది. సరిగ్గా ఏడాదికి, 1946 ఆగస్టు 2న, బాంబు కోసం కట్టిన ఓక్ రిడ్జ్ కేంద్రము నుండే రేడియోధార్మిక పదార్థము మొదటిసారిగా ఒక క్యాన్సరు ఆసుపత్రికి వెళ్ళింది. 1953 డిసెంబరు 8న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఐక్యరాజ్య సమితిలో అణుశక్తిని శాంతికి వాడాలని ప్రసంగించాడు. ఆ తరువాత ఆరు వారాలకు, 1954 జనవరి 19న, వాషింగ్టన్ రాష్ట్రములోని స్పోకేన్ పట్టణములో, డేవెన్‌పోర్ట్ అనే హోటలులో పన్నెండు మంది కూడుకున్నారు. వైద్యులు, శాస్త్రజ్ఞులు. దేశపు వాయవ్య మూలనున్న ఊళ్ళవారు. పెద్ద విశ్వవిద్యాలయాలకు, రాజధానికి దూరముగా ఉన్నవారు. ఎవరి ఆసుపత్రిలో వారు ఒంటరిగా ఈ కొత్త మందుతో కుస్తీ పడుతున్నవారు. ఆ పన్నెండుగురే సంఘమును స్థాపించారు. పన్నెండు అన్న సంఖ్య చూసి మన చదువరులు ఏమేమో ఊహించుకుంటారు గాని, అది కాకతాళీయమే. ఆ సంవత్సరము మే నెలలోనే సియాటిల్ నగరములో మొదటి వార్షిక సభ జరిగింది.

తరువాతి మెట్లు క్లుప్తముగా చెబుతాను. 1960లో ‘జర్నల్ ఆఫ్ న్యూక్లియర్ మెడిసిన్’ అనే పత్రిక మొదలైంది. 1970లో టెక్నాలజిస్టులకు ప్రత్యేక విభాగము ఏర్పడింది. 1971లో ఈ వైద్యానికి స్వంత బోర్డు పరీక్ష వచ్చింది. 2012లో పేరులో ‘మాలిక్యులర్ ఇమేజింగ్’ అన్న మాటలు చేర్చారు.

వీటిలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది 1970నాటి పని. సూది వేసేది, రోగిని బల్లమీద పడుకోబెట్టేది, ‘కదలవద్దమ్మా, ఇంకో పది నిమిషాలే’ అని ధైర్యము చెప్పేది డాక్టరు కాదు, టెక్నాలజిస్టు. మామూలుగా డాక్టర్ల సంఘాలలో అటువంటి వారికి గుమ్మము బయటే చోటు. ఇక్కడ వారికి స్వంత విభాగము, స్వంత పత్రిక, స్వంత అధ్యక్షత ఉన్నవి. వారిలో నుండి నాయకులను తయారు చేయటానికి ‘లీడర్‌షిప్ అకాడమీ’ పేర తరగతులు కూడా నడుపుతారు. కూటము ఎలా నడపాలి, లెక్కలు ఎలా చూడాలి, ప్రభుత్వ అధికారి ఎదుట ఎలా మాట్లాడాలి అన్నవి ఎవరూ పుట్టుకతో నేర్చుకు రారు గదా.

సంఘ అధ్యక్షునికి ఒక్క సంవత్సరమే గడువు. ముందు ఏడాది కాబోయే అధ్యక్షునిగా పని నేర్చుకోవాలి, మరు ఏడాది మాజీగా ప్రక్కన కూర్చుని సలహా చెప్పాలి. ఆ తరువాత కుర్చీ వదలవలసిందే. ఇరవై ఏళ్ళుగా ఒకే కార్యదర్శి, ఒకే కోశాధికారి ఉన్న కమిటీలను చూచిన వారికి ఇది వింతగా తోచవచ్చు. అధ్యక్ష స్థానము డాక్టర్లకే పరిమితము కూడా కాదు. 2024-25లో అధ్యక్షురాలిగా ఉన్న క్యాథీ కట్లర్ రసాయన శాస్త్రజ్ఞురాలు, బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఐసోటోపుల విభాగము నడిపే ఆమె. ఆ ప్రయోగశాల పేరు గుర్తుంచుకోండి, ఇప్పుడే దాని దగ్గరకు వస్తున్నాము.

పాలిచ్చే ఆవు

అణువైద్యములో అన్నిటికంటే ఎక్కువగా వాడే పదార్థము టెక్నీషియం-99ఎం. ప్రపంచములో ఏటా జరిగే నాలుగు కోట్ల పైచిలుకు అణువైద్య పరీక్షలలో నూటికి ఎనభై దీనితోనే. దీనిలో గొప్ప సుగుణము, అదే గొప్ప చిక్కు, ఇది త్వరగా కరిగిపోవటము. ఆరు గంటలకు సగమౌతుంది. మరో ఆరు గంటలకు ఆ సగములో సగము. ఒక రోజు గడిచేసరికి పదహారవ వంతే మిగులుతుంది. రోగికి ఇది మేలు. కాని సీసాలో పోసి దుకాణములో నిలువ పెట్టటానికి వీలులేదు. సాయంత్రము కోసిన మల్లెపూలను మరు వారపు పెండ్లికి దాచలేము గదా, అట్లాగే.

దీనికి ఉపాయము 1950ల చివర బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో దొరికింది. టెక్నీషియంకు తల్లి మాలిబ్డినం-99. తల్లి సగమవటానికి 66 గంటలు పడుతుంది. కనుక తల్లినే సీసపు కవచమున్న చిన్న పెట్టెలో పెట్టి ఆసుపత్రికి పంపుతారు. లోపల తల్లి కొద్దికొద్దిగా బిడ్డగా మారుతూ ఉంటుంది. ఉదయము ఉప్పునీరు ఎక్కిస్తే, తల్లి పెట్టెలోనే అంటుకుని ఉండి, బిడ్డ మాత్రము నీటితో దిగి వస్తుంది. మరునాటికి మళ్ళీ నిండుతుంది. అందుకే ప్రపంచమంతటా ఆ విభాగాల వారు ఆ పెట్టెను ‘ఆవు’ అని, ఆ పనిని ‘పాలు పితకటము’ అని పిలుచుకుంటారు. ఇది నేను కల్పించిన ఉపమానము కాదు, వారి వాడుక మాటే. ఈ ఆవు వారము పది రోజులలో వట్టిపోతుంది. వెంటనే కొత్త ఆవు రావాలి.

మరి ఆవులు ఎక్కడ పుడతాయి? ప్రపంచములో వ్రేళ్ళమీద లెక్కింపదగిన కొన్ని పాత అణు రియాక్టర్లలో. కొన్ని 1950లలో, 1960లలో కట్టినవి. 2009 మే నెలలో కెనడాలోని చాక్ రివర్ వద్దనున్న రియాక్టరు భారజలము కారి ఆగిపోయింది. అమెరికాకు కావలసిన మాలిబ్డినంలో దాదాపు సగము అక్కడినుండే వచ్చేది. అది మళ్ళీ 2010 ఆగస్టులో గాని తెరవలేదు. ఈలోగా 2010 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్‌లోని పెట్టెన్ రియాక్టరును కూడా మరమ్మతుకు ఆపవలసి వచ్చింది. చాలదన్నట్టు ఆ ఏప్రిల్‌లో ఐస్లాండులో అగ్నిపర్వతము పేలి విమానాలు ఆగిపోయాయి. 66 గంటలలో సగమయ్యే సరుకు విమానాశ్రయములో పడి ఉంటే ఇక మిగిలేదేమిటి!

క్యాన్సరు ఎముకకు పాకిందో లేదో తెలుసుకోవటానికి వచ్చిన రోగిని వచ్చే వారము రమ్మన్నారు. వచ్చే వారము వస్తే మరల పై వారము అన్నారు. అణువైద్య సంఘము నాయకత్వము పరీక్షకు వచ్చినది ఇక్కడ. వారు చేసిన పనులలో మొదటిది, ఏ ఆసుపత్రిలో ఎంత కొరత ఉందో సభ్యులనడిగి లెక్క తీయటము. రెండవది, టెక్నీషియం లేనిచోట ఏమి వాడవచ్చునో సూచనలు పంపటము. గుండెకు థాలియం, ఎముకలకు ఫ్లోరైడుతో పెట్ స్కాన్. థాలియంతో రోగికి రేడియేషను కొంత ఎక్కువ తగులుతుంది, ఆ సంగతి దాచకుండా చెప్పారు. మూడవది, సంఘ నాయకులు అమెరికా కాంగ్రెసు ఉపసంఘము ఎదుట నిలిచి, దేశములోనే ఈ పదార్థము తయారుకావాలని, అందుకు చట్టము కావాలని వాదించటము. ఆ చట్టము వెంటనే రాలేదు. 2009లో దిగువ సభ ఆమోదించినది ఎగువ సభలో ఆగింది. చివరకు 2013 జనవరి 2న మరో పెద్ద చట్టములో భాగముగా సంతకమైంది. బాంబుకు పనికివచ్చే యురేనియంతో గాక తక్కువ పాటి యురేనియంతోనే మాలిబ్డినం చేయాలన్నది కూడా అందులో ఒక అంశము.

దానితో కథ సుఖాంతమైందా? లేదు. 2018లో అమెరికాలో ఒక కంపెనీకి మాలిబ్డినం తయారీకి అనుమతి వచ్చింది. గిట్టుబాటుకాక 2023లో అది మానుకుంది. చాక్ రివర్ రియాక్టరు 2018 మార్చి 31న శాశ్వతముగా మూతపడింది. 2024 అక్టోబరులో పెట్టెన్ రియాక్టరు గొట్టములో లోపము కనబడి ఆలస్యమైతే, మరల కొన్ని వారాలపాటు కొరత వచ్చింది. పదిహేనేళ్ళ తరువాత మరల అదే పాట్లు. చట్టము తెచ్చినంత మాత్రాన ఆవు పుట్టదు.

చిన్నపిల్లలకు ఎంత?

నాకు ఈ సంఘము పనులలో అన్నిటికంటే నచ్చినది దీనికంటే చిన్నది, పత్రికలకు ఎక్కనిది. చిన్నపిల్లలకు మూత్రపిండాల జబ్బు, ఎముకల జబ్బు వచ్చినప్పుడు కూడా ఈ స్కాన్లు అవసరమౌతాయి. ఎంత మందు ఇవ్వాలి? 2008లో ఉత్తర అమెరికాలోని 13 పిల్లల ఆసుపత్రులను అడిగి చూస్తే ఒకే పరీక్షకు, ఒకే బరువున్న బిడ్డకు, ఒకచోట ఇచ్చేదానికి మరొకచోట ఇచ్చేదానికి మూడేసి రెట్లు తేడా కనబడింది. కొన్నింటిలో అంతకంటే చాలా ఎక్కువ. అవి చిన్నాచితకా ఆసుపత్రులు కావు, పేరున్నవే. ఎవరి అలవాటు వారిది. ‘మా గురువుగారు ఇంతే ఇచ్చేవారు’ అన్నదే చాలామందికి ప్రమాణము.

పిల్లల రేడియాలజీ వారితో కలిసి అణువైద్య సంఘము కూర్చుని, బిడ్డ బరువును బట్టి ఏ పరీక్షకు ఎంత ఇవ్వాలో 2010లో ఒక పట్టిక తయారు చేసింది. తరువాత ఐరోపా దేశాల సంఘముతో కూడా మాట్లాడి రెండు పట్టికలను దగ్గరకు తెచ్చారు. ‘ఇమేజ్ జెంట్లీ’ అనే పేరుతో జరిగిన ప్రచారము ద్వారా ఆ కాగితము ఊరూరి ఆసుపత్రులకు చేరింది. గోడకు అంటించుకునే కాగితము, అంతే. ఎవరూ పూలదండలు వేయలేదు. కాని పేరు తెలియని ఎందరో బిడ్డలకు అవసరమైన దానికంటే ఎక్కువ రేడియేషను తగలకుండా పోయింది.

మతిమరుపు రోగుల విషయము మరొకటి. వృద్ధాప్యములో వచ్చే మతిమరుపు అల్జీమర్స్ జబ్బు వలననా, వేరే కారణము వలననా అని తేల్చటానికి మెదడులో అమైలాయిడ్ అనే పదార్థము పేరుకున్నదో లేదో చూపే పెట్ స్కాన్ వచ్చింది. 2013లో అమెరికా ప్రభుత్వపు వృద్ధుల ఆరోగ్య భీమా వారు, పరిశోధనలో చేరిన వారికి మాత్రమే, అదీ జీవితములో ఒక్కసారే, దీనికి డబ్బు ఇస్తామన్నారు. ఆ సంవత్సరమే అణువైద్య సంఘము అల్జీమర్స్ అసోసియేషనుతో కలిసి, ఎవరికి ఈ పరీక్ష చేయవచ్చునో, ఎవరికి చేయకూడదో వ్రాసి పెట్టింది. ఏ బాధా లేకుండా ‘మా నాన్నకు ఉండేది, నాకూ వస్తుందేమో’ అని భయపడి వచ్చేవారికి చేయవద్దని స్పష్టముగా చెప్పింది. తమ పరీక్షకు గిరాకీ తగ్గించే మాట తామే చెప్పటము, గమనించండి, అంత తేలిక కాదు. ఆ తరువాత అల్జీమర్స్ అసోసియేషను ముందు నడిచి చేయించిన పెద్ద అధ్యయనములో 18 వేల మందికి పైగా వృద్ధులు చేరారు. 2019లో వచ్చిన ఫలితాలలో, స్కాన్ చూచిన తరువాత పదిమందిలో ఆరుగురికి వైద్యము మార్చవలసి వచ్చిందని తేలింది. 2023 అక్టోబరులో ప్రభుత్వము ఆ ఆంక్ష ఎత్తివేసింది. పదేళ్ళు పట్టింది.

డబ్బు మాట వచ్చింది గనుక నిష్కర్షగా ఒక సంగతి చెప్పాలి. ప్రతి ఏటా ఈ సంఘము సభ్యులు రాజధానికి వెళ్ళి ప్రజాప్రతినిధుల గడపలు ఎక్కుతారు. వారు ఏళ్ళ తరబడి కోరిన వాటిలో ఒకటి, స్కానింగుకు వాడే ఖరీదైన మందుకు ఆసుపత్రులకు వేరుగా సొమ్ము చెల్లించాలన్నది. 2008 నుండి పరీక్ష రుసుములోనే మందు ఖరీదు కూడా కలిపి ఇచ్చేవారు. దానివలన కొత్త మందు ఖరీదు ఎక్కువైతే ఆసుపత్రికి నష్టము, కనుక ఆ పరీక్ష చేయటమే మానేవారు. 2025 జనవరి 1 నుండి, రోజుకు 630 డాలర్లు మించే మందుకు వేరుగా చెల్లించే నియమము అమలులోకి వచ్చింది. దీనివలన రోగులకు మేలు. మందుల కంపెనీలకు, ఆ విభాగాల వైద్యులకు కూడా మేలు. ఈ రెండు మేళ్ళు ఒకే బండికి కట్టిన ఎడ్లు. వృత్తి సంఘము ఏదైనా తన వారి రొట్టె చూచుకోకుండా ఉండదు. అది తప్పని నేననను. కాని ‘రోగి కొరకే’ అని వారన్నప్పుడు, పిల్లల మోతాదు పట్టికను నేను నమ్మినంత సులువుగా ఈ మాటను నమ్మలేను.

ఇక కొత్త వైద్యములను గూర్చి. సంఘపు వార్షిక సభలో ఏటా ఒక చిత్రమును ఆ సంవత్సరపు మేటి చిత్రముగా ఎన్నుకుంటారు. 1977 నుండి ముప్పై ఏళ్ళకు పైగా ఆ పని చేసినవాడు జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన డాక్టర్ హెన్రీ వాగ్నర్. 2018లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వైద్యుల చిత్రము ఎంపికైంది. ప్రోస్టేటు క్యాన్సరు ఒళ్ళంతా పాకిన పురుషుల స్కాన్లు అవి. ముందు తీసినవాటిలో ఎముకల నిండా నల్లటి మచ్చలు. లుటీషియం-177 కలిపిన మందు ఇచ్చిన తరువాత తీసినవాటిలో ఆ మచ్చలు చాలామట్టుకు పోయాయి. 2022 మార్చిలో అమెరికాలో ఆ మందుకు అనుమతి లభించింది. అది చూచి అద్భుతమని కేకలు వేయకముందు ఒక లెక్క వినండి. 831 మందిపై జరిగిన పరీక్షలో ఆ మందు పొందినవారిలో సగము మంది 15.3 నెలలకు పైగా బ్రతికారు, పొందనివారిలో 11.3 నెలలు. అంటే నాలుగు నెలలు ఎక్కువ. పూర్తి స్వస్థత కాదు. కాని మనుమరాలి పెండ్లి చూడాలని ఎదురుచూచే తాతకు నాలుగు నెలలు చిన్న విషయమని ఎవరనగలరు?

ఇంటికి వచ్చిన తరువాత

ఆ మధ్య ఒక సహోదరి పట్నములో బోన్ స్కాన్ చేయించుకుని వచ్చింది. ఆమె కోడలు మూడు దినాలు బిడ్డను ఆమె దగ్గరకు పోనివ్వలేదు. కంచము వేరు, చాప వేరు. ‘అయ్యగారూ, నా ఒంట్లో బాంబు పెట్టినట్టు చూస్తోందయ్యా’ అని ఆ తల్లి కన్నీళ్ళు పెట్టుకుంది. కోడలిది దుష్టత్వము కాదు, భయము. స్కాన్ చేసినచోట ఎవరూ ఒక్క ముక్క చెప్పి పంపలేదు. పైన చెప్పిన ఆరు గంటల లెక్క ఆ అమ్మాయికి వ్రేళ్ళమీద వేసి చూపాను. మొదటి రాత్రి గడిచేసరికే ఆ మందు దాదాపు పోయినట్టే. ‘ఇంతేనా అయ్యగారూ!’ అని బిడ్డను తెచ్చి అత్త ఒడిలో పెట్టింది.

అణువైద్య సంఘము రోగుల కొరకు వ్రాయించే కరపత్రాలు, వార్షిక సభలో రోగులకే ప్రత్యేకించిన ఒక దినము, సరిగ్గా ఇటువంటి భయాల కొరకే. థైరాయిడ్ రోగులు, క్యాన్సరు రోగులు, వారి కుటుంబాలు వచ్చి డాక్టర్లను నేరుగా ప్రశ్నలడుగుతారు. మన దేశములో కూడా సొసైటీ ఆఫ్ న్యూక్లియర్ మెడిసిన్, ఇండియా అనే సంఘము, దానికి ఒక పత్రిక ఉన్నవి. ముంబాయిలో 1963 నుండి రేడియేషన్ మెడిసిన్ సెంటర్ పనిచేస్తోంది. హైదరాబాదు నిమ్స్‌లోను, మన వారెందరో వెళ్ళే వేలూరు సి.ఎం.సి.లోను అణువైద్య విభాగాలున్నవి. అయితే తెలుగులో, పెద్దక్షరాలలో, పొలము పనికి వెళ్ళే మనిషి చదువుకోదగిన కరపత్రము నా కంట పడలేదు. అది వచ్చేదాకా ఈ నాలుగు మాటలు కత్తిరించి దాచుకోండి.

గర్భిణి అయినా, గర్భము ఉందేమోనన్న అనుమానమున్నా, బిడ్డకు పాలిస్తున్నా, సూది వేయకముందే చెప్పాలి. సిగ్గుపడి ఊరుకోవద్దు. మామూలు స్కాన్ తరువాత నీళ్ళు బాగా త్రాగి, మాటిమాటికి మూత్రానికి వెళ్తే మందు త్వరగా బయటకు పోతుంది. అన్నము, పడక వేరుచేయవలసిన పనిలేదు. థైరాయిడ్ క్యాన్సరుకు గాని, గ్రంథి అతిగా పనిచేయటానికి గాని రేడియో అయోడిన్ ఇచ్చినప్పుడు మాత్రము సంగతి వేరు. ఆ మందు అర్ధజీవితకాలము ఎనిమిది దినాలు. డాక్టరు చెప్పినన్ని రోజులు వేరుగా పడుకోవాలి, చిన్నపిల్లలకు, గర్భిణులకు దూరముగా ఉండాలి, మరుగుదొడ్డిలో రెండుసార్లు నీళ్ళు పోయాలి. చంటిబిడ్డ తల్లి అయితే ఆ మందుకు ముందే పాలు పూర్తిగా మాన్పించాలి. ఎన్ని రోజులో మీ అంతట మీరు లెక్క వేసుకోక, కాగితము మీద వ్రాయించుకు రండి.

కొడుకులు, కూతుళ్ళు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండి, వైద్యము అయిన కొద్ది రోజులకే విమానమెక్కవలసిన వారికి మరొక మాట. కొన్ని విమానాశ్రయాలలో రేడియేషనును పసిగట్టే యంత్రాలు ఉంటాయి. మీ ఒంట్లో మిగిలిన రవ్వంత మందుకు కూడా అవి మోగవచ్చు. ఏ మందు, ఏ తేదీన, ఎంత ఇచ్చారో వ్రాసి డాక్టరు సంతకము పెట్టిన చీటీ ఒకటి అడిగి తీసుకుని, పాస్‌పోర్టుతో పాటు జేబులో పెట్టుకోండి.